కాగితం ముందు, కథ తర్వాత: అమెరికా చరిత్రను అసలు పత్రాలతో చెప్పే పద్ధతి

బడి తెరిచిన రెండో వారంలో నా పదో తరగతి పిల్లల బల్లల మీద ఒక బొమ్మ పెడతాను. పేరు చెప్పను, సంవత్సరం చెప్పను. బొమ్మ కింద ఉన్న పద్యాన్ని మడిచి అతికించేస్తాను. "ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. కంటికి కనిపించింది మాత్రమే రాయండి. అర్థాలు తర్వాత" అంటాను. మొదటి నిమిషంలోనే సగం మంది పెన్ను కింద పెట్టి "అయిపోయింది మిస్" అంటారు. నేను కదలను. మూడో నిమిషానికి ఎవరో ఒకరు "ఇక్కడ కుక్క ఉంది" అంటారు. ఇంకొకరు సైనికుల వెనక కత్తి ఎత్తి నిలబడ్డ మనిషిని చూస్తారు. ఆ తర్వాత భవనం మీద ఉన్న బోర్డు కనిపిస్తుంది. దాని మీద "బుచర్స్ హాల్", అంటే కసాయి కొట్టు, అని రాసి ఉంటుంది. అది కనిపించగానే క్లాసు ఒక్కసారిగా ముందుకు వంగుతుంది. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన క్షణం అదే.

ఆ బొమ్మ 1770లో పాల్ రివియర్ చెక్కి అచ్చు వేసిన చిత్రం. బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద జరిపిన కాల్పులు అందులో ఉన్నాయి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నేను ఖమ్మం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లు సోషల్ చెప్పాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఒక పబ్లిక్ హైస్కూల్లో అమెరికా చరిత్ర చెబుతున్నాను. ఇక్కడ హైస్కూల్లో రెండేళ్ల పాటు ఈ సబ్జెక్టు తప్పనిసరి. పిల్లలకు హోంవర్క్‌లో సాయం చేసే తెలుగు అమ్మానాన్నలు, వారాంతాల్లో ట్యూషన్ చెప్పే వాళ్లు, ఇక్కడ టీచర్లుగా కొత్తగా చేరిన వాళ్లు తరచూ నన్ను ఒకటే అడుగుతారు: "ప్రైమరీ సోర్స్ అంటారు కదా, అది పిల్లలతో ఎలా చదివించాలి?" వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ప్రైమరీ సోర్స్ అంటే ఏమిటో మా ఇంటి సంగతితోనే చెబుతాను. మా తాతయ్య ఎకరం పొలం అమ్మిన దస్తావేజు మా ఇంట్లో ఉంది. అందులో "నా ఇష్టపూర్వకంగా అమ్ముకున్నాను" అని ఉంటుంది. మా అమ్మమ్మ మాత్రం పిన్ని పెళ్లికి అప్పు చేసి, వడ్డీ కట్టలేక అమ్మాల్సి వచ్చిందని చెప్పేది. దస్తావేజు ఆ రోజు పుట్టిన కాగితం. అమ్మమ్మ మాట కళ్లారా చూసిన మనిషి మాట. రెండూ ప్రైమరీ సోర్సులే. ఇప్పుడు నేను మీకు చెబుతున్నది సెకండరీ, ఎందుకంటే అప్పటికి నేను పుట్టలేదు. పిల్లలకు ఇలా చెబితే రెండు సంగతులు ఒకేసారి అర్థమవుతాయి. రిజిస్టర్ అయిన కాగితం కూడా మొత్తం చెప్పదు. చూసిన మనిషి మాటను కూడా ఇంకో దానితో సరిచూసుకోవాలి.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయన్నది పెద్ద సమస్య కాదు. అమెరికా ప్రభుత్వ పత్రాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వారి డాక్స్‌టీచ్ సైట్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్, ఈ రెండూ ఉచితం. ఈ రెండింటితోనే ఏడాది నడిచిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో చరిత్ర బోధన మీద పరిశోధించిన సామ్ వైన్‌బర్గ్ బృందం మొదలుపెట్టిన పాఠాలు కూడా ఉచితంగానే ఉన్నాయి. కొత్తవాళ్లు వాటితో మొదలుపెడితే చాలా టెన్షన్ తగ్గుతుంది. అసలు కష్టం ఎంచుకోవడంలోనే ఉంది.

మొదటి ఏడాది నేను పదకొండు పేజీలు ప్రింట్ తీసి పంచాను. స్వాతంత్ర్య ప్రకటన, కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్టు వ్యాసం ఒకటి, దానికి జవాబుగా వచ్చిన వ్యాసం ఒకటి. పీరియడ్ నలభై రెండు నిమిషాలు. మూడో పేజీ దాటిన పిల్లలు నలుగురే. మిగతా వాళ్లు నా మొహం వంక చూస్తూ, చివర్లో నేనే చెప్పేస్తానని ఎదురు చూశారు. నేను నిజంగానే చెప్పేశాను. ఆ రోజు ఎవరూ ఏ పత్రమూ చదవలేదు, నా మాట విని రాసుకున్నారు. ఇప్పుడు నా లెక్క ఇది: ఒక పీరియడ్‌కు ఒకటి లేదా రెండు పత్రాలు, ఒక్కోటి రెండు వందల పదాలు దాటకూడదు. బొమ్మైతే ఒకటే.

పెద్ద పత్రాన్ని కోయడం తప్పు కాదు. ఎక్కడ కోశారో చుక్కలు పెట్టి చూపించండి. కష్టమైన పదానికి పక్కన అర్థం రాయండి. వాక్యాన్ని మీరే తేలిక చేసి రాస్తే, అసలు వాక్యాన్ని కూడా అదే కాగితం వెనక అచ్చు వేయండి. వెనక్కి తిప్పి చూసే పిల్లలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. "మిస్, మీరు ఈ పదం వదిలేశారు" అని వాళ్లు అడిగిన రోజు నాకు పండగే. ఇంకో మాట: సాధ్యమైనప్పుడల్లా టైపు చేసిన దానితో పాటు అసలు కాగితం ఫొటో కూడా చూపించండి. చాలామంది పిల్లలకు గొలుసుకట్టు రాత చదవడం రాదు. అయినా సిరా మరక, కొట్టివేత, అంచులో ఇరికించి రాసిన మాట వాళ్లను ఆ బల్ల దగ్గరికి తీసుకెళతాయి.

ఇక చదివించే వరుస. వైన్‌బర్గ్ బృందం చెప్పే నాలుగు పనులు ఏమిటంటే, ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారో చూడటం, అప్పటి పరిస్థితిలో పెట్టి చూడటం, మాటలను దగ్గరగా చదవడం, మరో పత్రంతో సరిచూడటం. నాలుగూ ముఖ్యమే. కానీ ఒకే రోజు నాలుగూ చేయించకండి. సెప్టెంబరు నెలంతా నేను ఒక్క అలవాటే పట్టిస్తాను: పత్రం చేతికి రాగానే చదవడం మొదలుపెట్టకుండా, కింద ఉన్న ఆ చిన్న అక్షరాల లైను వైపు కళ్లు వెళ్లాలి. ఎవరు, ఏ తేదీ, ఎవరికి. వేలు పెట్టి చూపించమంటాను. క్లాసంతా వేలు అక్కడ పెట్టేదాకా ముందుకు వెళ్లను. పదో తరగతి పిల్లలకు ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుందని మొదట్లో అనుకున్నాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

ఇప్పుడు బోస్టన్. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మిగతా పాఠాలన్నీ ఇదే అచ్చులో నడుస్తాయి.

మొదటి రోజు బొమ్మ ఒక్కటే. పిల్లలు కనిపించింది రాశాక, "ఇది పగలా రాత్రా?" అని అడుగుతాను. రంగులు వేసిన ప్రతుల్లో ఆకాశం నీలంగా ఉంటుంది, అందుకని పగలంటారు. మూల నుంచి ఎవరో "చంద్రుడు ఉన్నాడు" అంటారు. వాదన మొదలవుతుంది. "సైనికులు ఎలా నిలబడ్డారు?" వరసగా, డ్రిల్లులో నిలబడ్డట్టు. "జనం చేతుల్లో ఏముంది?" ఏమీ లేదు. అప్పుడు మడిచిన కాగితం విప్పమంటాను. పద్యం, శీర్షిక బయటపడతాయి. 1770 మార్చి 5న కింగ్ స్ట్రీట్‌లో జరిగిన "రక్తసిక్త ఊచకోత" అని అందులో ఉంటుంది. కాల్పులు జరిగిన మూడు వారాల్లోనే ఈ బొమ్మ అమ్మకానికి వచ్చిందని అప్పుడు చెబుతాను. అంతకు మించి ఒక్క మాట కూడా చెప్పను. గంట కొడతారు. "మరి ఎవరిది తప్పు?" అని అడుగుతూ బయటికి వెళతారు. చెప్పేయాలని నాలుక చివరి దాకా వస్తుంది. ఆపుకోండి. ఈ పద్ధతిలో టీచరుకు అన్నిటికన్నా కష్టమైన పని అదే.

రెండో రోజు కెప్టెన్ థామస్ ప్రెస్టన్ వాంగ్మూలం ఇస్తాను. ఆ రాత్రి సైనికులకు అధికారి ఆయనే. గుంపు కర్రలతో, మంచు ముద్దలతో మీద పడిందనీ, వెనక నుంచి ఎవరో "కాల్చరేం?" అని అరిచారనీ, తాను సైనికులకు ముందే నిలబడి ఉన్నాననీ, కాల్చమని ఆజ్ఞ ఇవ్వలేదనీ రాశాడు. పిల్లలు వెంటనే బొమ్మ తీసి పక్కన పెడతారు. బొమ్మలో ఆయన సైనికుల వెనక, కత్తి ఎత్తి ఉన్నాడు. మాటల్లో ముందు ఉన్నాడు. తుపాకీ గొట్టాల ముందు నిలబడ్డవాడు కాల్చమని అంటాడా? ఈ ప్రశ్న నేను అడగక్కర్లేదు, ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నేను అడిగేది ఇంకొకటి: "ప్రెస్టన్ ఇది ఎక్కడ కూర్చుని రాశాడు?" వేళ్లు మళ్లీ కింది లైను మీదికి వెళతాయి. జైల్లో. విచారణ కోసం ఎదురు చూస్తూ. నేరం రుజువైతే ఉరి. అప్పటిదాకా ఆయన్ని నమ్మిన వాళ్లు కాస్త వెనక్కి తగ్గుతారు.

మూడో రోజు చిన్న ఉత్తరం ఒకటి. హెన్రీ పెల్హామ్ అనే చిత్రకారుడు రివియర్‌కు రాసింది. ఈ బొమ్మ నాది, నువ్వు నా దగ్గర తీసుకుని నీదిగా అచ్చు వేశావు, దారిదోపిడీ దొంగ దోచుకున్నట్టు దోచుకున్నావు అని మండిపడతాడు. అంటే రివియర్ తన కళ్లతో చూసింది చెక్కాడని కూడా అనుకోవడానికి లేదు. ఈ ఉత్తరం ఇచ్చినప్పుడు క్లాసులో వచ్చే గోల వినాలి.

చివర్లో మాత్రమే నేను నోరు విప్పుతాను. ఐదుగురు చనిపోయారు, వారిలో నల్లజాతి నావికుడు క్రిస్పస్ అటక్స్ ఒకరు. తర్వాత రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఆ సైనికుల తరఫున వాదించాడు. ప్రెస్టన్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురిని వదిలేశారు, ఇద్దరికి హత్య కాని నరహత్య కింద బొటనవేళ్ల మీద వాత పెట్టారు. ఈ నాలుగు వాక్యాలు మొదటి రోజే చెప్పి ఉంటే మూడు రోజులు మిగిలేవి. కానీ పిల్లలు ఆ బొమ్మను చూసి ఉండేవాళ్లు కాదు.

స్వాతంత్ర్య ప్రకటనకు పూర్తి పాఠం కన్నా, దాన్ని రాసిన థామస్ జెఫర్సన్ చిత్తుప్రతి మంచిది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది, సైట్‌లో పెద్దది చేసి చూడొచ్చు. మొదట "పవిత్రమైన, కాదనలేని" సత్యాలు అని రాసి, దాన్ని "స్వతస్సిద్ధమైన" సత్యాలుగా దిద్దారు. ఒకచోట "ప్రజలు" అనే అర్థంలో రాజుకు లోబడిన వాళ్లను సూచించే సబ్జెక్ట్స్ అన్న మాట రాసి, సిరా తడి ఆరకముందే తుడిచేసి, దాని మీద సిటిజన్స్ అని రాశాడు. కింద ఉన్న మాట ఏమిటో 2010లో లైబ్రరీ వాళ్లు ప్రత్యేకమైన కెమెరాలతో తీసి బయటపెట్టారు. ఆ ఒక్క మరకను ప్రొజెక్టర్ మీద పెట్టి, "ఈ రెండు మాటలకీ తేడా ఏమిటి?" అని అడిగితే ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఆ తర్వాత బానిస వ్యాపారానికి బ్రిటిష్ రాజుదే తప్పని నిందించిన పేరా. కాంగ్రెస్ దాన్ని పూర్తిగా కొట్టేసింది. రాసిన జెఫర్సన్ జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నవాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలను ఒక పేరా రాయమంటాను. తీర్పు నేను చెప్పను.

బానిసత్వం గురించి చెప్పేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. వేషాలు కట్టించొద్దు, వేలంపాట ఆడించొద్దు, "నువ్వు బానిసవైతే ఎలా ఉంటుంది?" అని డైరీలు రాయించొద్దు. ఇలాంటివి పిల్లల్ని గాయపరుస్తాయి, ఏమీ నేర్పవు. క్లాసులో ఉన్న నల్లజాతి పిల్లల వైపు తిరిగి "నీకేమనిపిస్తోంది?" అని అడగకండి. తన జాతి మొత్తం తరఫున మాట్లాడే బరువు పదిహేనేళ్ల పిల్ల మీద పెట్టకూడదు. పత్రంలో అవమానకరమైన మాట ఉంటే ముందురోజే చెప్పండి: ఈ మాట కాగితంలో ఉంది, మనం దాన్ని బయటికి చదవం. అన్నిటికన్నా ముఖ్యం, యజమానులు రాసిన కాగితాలతోనే ఆపకండి. బానిసలుగా ఉన్నవాళ్ల సొంత మాటలు వెతికి తీసుకురండి. దొరకవని చాలామంది అనుకుంటారు. దొరుకుతాయి.

బానిసగా ఉన్న ఓనా జడ్జ్ అనే ఆమె విషయం చూడండి. 1796 మే నెలలో ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడి ఇంటి నుంచి ఆమె వెళ్లిపోయింది. అధ్యక్షుడంటే జార్జ్ వాషింగ్టనే. ఇంటి నిర్వాహకుడు పత్రికలో ప్రకటన వేశాడు. సుమారు ఇరవై ఏళ్లు, మొహం నిండా మచ్చలు, ఒత్తైన నల్లటి జుట్టు, మంచి బట్టలు చాలా ఉన్నాయి, నౌకల కెప్టెన్లు జాగ్రత్తగా ఉండాలి, పట్టిస్తే పది డాలర్లు. మధ్యలో ఒక వాక్యం ఉంది: ఆమె వెళ్లిపోతుందని ఎవరికీ అనుమానం లేదు, వెళ్లడానికి కారణమూ ఏమీ లేదు. ఆ వాక్యం కింద గీత గీయించండి. తర్వాత రెండో కాగితం ఇవ్వండి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1845లో, న్యూ హాంప్‌షైర్‌లో ముసలితనంలో ఆమె ఒక పత్రికకు చెప్పిన మాటలు అవి. ఇంట్లోవాళ్లు వర్జీనియా వెళ్లడానికి సామాను సర్దుకుంటుంటే తానూ సర్దుకున్నానని, అక్కడికి వెళితే ఇక స్వేచ్ఛ దొరకదని తెలుసని, వాళ్లు భోజనం చేస్తుండగా బయటపడ్డానని అంటుంది. "కారణం ఏమీ లేదు" అన్న గీత దగ్గరికి పిల్లలు తమంతట తామే వెనక్కి వెళతారు. ఒక అమ్మాయి ఆ గీత పక్కన "కారణం వాళ్లకు కనిపించలేదు" అని రాసింది. ఆ కాగితం నా ఫైల్లో దాచుకున్నాను.

ప్రకటనను ఇంకో రకంగా కూడా చదివించొచ్చు. రాసినవాడు తెలియకుండా ఏమేం చెప్పేశాడు? ఆమె నౌక ఎక్కే అవకాశం ఉందని భయపడ్డాడంటే, రేవులో ఆమెకు సాయం చేసేవాళ్లు ఉన్నారని అనుమానించాడన్నమాట. రాసినవాడు చెప్పాలనుకోని సంగతి కూడా కాగితంలో నుంచి తీయొచ్చని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

నేను ఏ ఏడాదీ వదలని పత్రం జోర్డన్ ఆండర్సన్ ఉత్తరం. అంతర్యుద్ధం ముగిశాక, 1865 ఆగస్టులో ఒహాయోలోని డేటన్ నుంచి ఆయన తన పాత యజమానికి పంపిన జవాబు అది. టెనెస్సీకి తిరిగి వచ్చి మళ్లీ పని చెయ్యమని యజమాని రాశాడు. ఆండర్సన్ చాలా మర్యాదగా జవాబిస్తాడు. ఇక్కడ నెలకు ఇరవై ఐదు డాలర్లు, తిండి, బట్ట ఇస్తున్నారు, పిల్లలు బడికి వెళుతున్నారు, మీరు ఎంత ఇస్తారో చెప్పండి అంటాడు. తర్వాత, మీ నిజాయితీ మీద నమ్మకం కుదరాలంటే పాత జీతాలు ముందు పంపండి అని లెక్క చెబుతాడు. నేను ముప్ఫై రెండేళ్లు పనిచేశాను, నా భార్య మాండీ ఇరవై ఏళ్లు. నాకు నెలకు ఇరవై ఐదు, ఆమెకు వారానికి రెండు డాలర్లు.

ఇక్కడ ఆపండి. మొత్తం ఉన్న వాక్యాన్ని నేను తెల్ల కాగితంతో కప్పేస్తాను. "లెక్క కట్టండి" అంటాను. చరిత్ర క్లాసులో లెక్కలేమిటని గొణుగుతూనే కాలిక్యులేటర్ తీస్తారు. ఆయనకు 9,600, ఆమెకు 2,080, కలిపితే 11,680. అప్పుడు కాగితం తీస్తాను. ఉత్తరంలో సరిగ్గా 11,680 డాలర్లు అనే ఉంటుంది. క్లాసు ఒక క్షణం నిశ్శబ్దమైపోతుంది. ఆ మనిషి కూర్చుని ప్రతి ఏడూ లెక్కపెట్టాడని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. దానికి వడ్డీ కలపండి, మా బట్టలకు, నాకు డాక్టరు మూడుసార్లు వచ్చినందుకు, మాండీకి పన్ను పీకించినందుకు అయిన ఖర్చు తీసేయండి అని కూడా రాస్తాడు. చివర్లో, మీరు నా మీద కాల్పులు జరుపుతుంటే మీ చేతిలో పిస్తోలు లాక్కున్న జార్జ్ కార్టర్‌కు నా కృతజ్ఞతలు చెప్పండి అంటాడు. ఇంత మర్యాదైన ఉత్తరంలో ఇంత కోపం ఎక్కడ దాగుందో వెతికి గీత గీయమని చెప్పండి. దగ్గరగా చదవడం నేర్పడానికి దీన్ని మించిన పత్రం నాకు తెలియదు. ఆయన చెబుతుంటే ఇంకొకరు రాసిన ఉత్తరం ఇది, పత్రికల్లోనూ అచ్చయింది. కాబట్టి "ఇది ఒక్క యజమాని చదవడానికేనా?" అన్న ప్రశ్న కూడా తప్పకుండా పెట్టండి.

పిల్లలు ఒక మాట నేర్చుకుని అక్కడే ఆగిపోతారు. బయాస్, అంటే పక్షపాతం. "రివియర్ బయాస్డ్, ప్రెస్టన్ బయాస్డ్, కాబట్టి నమ్మలేం" అని రాసి పెన్ను మూసేస్తారు. నవంబరు వచ్చేసరికి నా క్లాసులో ఆ మాట ఒంటరిగా వాడటం నిషేధం. ఎటువైపు మొగ్గాడు, ఎందుకు, ఆ మొగ్గు వల్ల మనకేం తెలుస్తుంది, ఈ మూడూ చెబితేనే మార్కు. రివియర్ బొమ్మ ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసుకోవడానికి బలహీనమైన ఆధారం. బోస్టన్‌లో కొందరు జనం ఏం నమ్మాలని కోరుకున్నారో తెలుసుకోవడానికి మాత్రం చాలా బలమైన ఆధారం. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామన్న దాన్ని బట్టి ఆధారం విలువ మారుతుంది. ఇది ఒక్కసారి చెబితే ఎక్కదు. నెలకోసారి చెప్పాలి.

రాయించడం గురించి క్లుప్తంగా. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) అమెరికా చరిత్ర పరీక్షలో పత్రాల ఆధారంగా రాసే ప్రశ్నకు ఏడు పత్రాలు ఇస్తారు, గంట టైము, మొత్తం మార్కుల్లో పాతిక శాతం. అమ్మానాన్నల టెన్షనంతా దాని గురించే. ఏడు పత్రాలతో ప్రాక్టీసు మొదలుపెట్టకండి. రెండు పత్రాలు, ఆరు వాక్యాలు చాలు. మొదటి వాక్యం నా వాదన, రెండోది ఒక పత్రం నుంచి చిన్న ముక్క, మూడోది అది నా వాదనకు ఎలా బలం, తర్వాత రెండో పత్రం, చివరికి రెండూ ఎక్కడ తేడా పడుతున్నాయి. పత్రంలో ఉన్నది తిరిగి చెప్పడం వాదన కాదు. ఆ తేడా తెలియడానికి నా క్లాసుకు డిసెంబరు దాకా పడుతుంది. తొందరపడను.

ఇంటర్నెట్‌లో తిరిగే సూక్తుల విషయంలో కూడా ఇదే అలవాటు పనికొస్తుంది. వాషింగ్టన్ అన్నాడు, లింకన్ అన్నాడు అంటూ బొమ్మ మీద రాసి వచ్చిన మాట ఏదైనా సరే, ఏ ఉత్తరం, ఏ ప్రసంగం, ఏ తేదీ అని దొరికేదాకా నా క్లాసులో వాడకూడదు. వెతకడమే ఆ రోజు హోంవర్క్.

మన పిల్లలతో ఇంట్లో చేయదగ్గది ఇంకొకటి ఉంది. 1790 నాటి చట్టం ప్రకారం, వలస వచ్చిన వాళ్లలో "స్వేచ్ఛ గల తెల్లవారు" మాత్రమే అమెరికా పౌరసత్వానికి అర్హులుగా ఉండేవారు. 1870లో ఆఫ్రికన్ సంతతి వారిని చేర్చారు. మరి మనం? 1922 నవంబరులో జపాన్ నుంచి వచ్చిన టకావో ఒజావా కేసులో సుప్రీంకోర్టు, తెల్లవారంటే కాకేషియన్లు (అప్పటి జాతి విభజనలో ఒక వర్గం), నువ్వు కాదు అంది. మూడు నెలల తర్వాత, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థిండ్ కేసు. భారతీయులను కాకేషియన్లంటున్నారు కదా అని ఆయన వాదం. అదే జడ్జి, జార్జ్ సదర్లాండ్, కాకేషియన్ అయితే సరిపోదు, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడై ఉండాలి అన్నాడు. సదర్లాండ్ ఇంగ్లండ్‌లో పుట్టి ఇక్కడికి వలస వచ్చినవాడు. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. రెండు తీర్పుల నుంచి ఒక్కో పేరా కోసి పక్కపక్కన పెడితే చాలు.

పక్కింటి అబ్బాయి, పదకొండో తరగతి, ఆదివారాలు మా వంటింటి బల్ల దగ్గర చదువుకుంటాడు. థిండ్ కేసులో కోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న వాడి చేతిలో పెట్టాను: అమృత్‌సర్‌లో పుట్టిన, పూర్తి భారతీయ రక్తం గల, ఉన్నత కులపు హిందువు తెల్లవాడేనా? వాడు రెండుసార్లు చదివి, "ఆంటీ, ఆయన సిక్కు కదా, హిందూ అని ఎందుకు రాశారు?" అన్నాడు. జవాబు చెప్పకుండా 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో జాతి కింద ఇచ్చిన జాబితా చూపించాను. అందులో హిందూ అనేది ఒక జాతి పేరు. వాడు కాసేపు ఊరుకుని, "మరి ఉన్నత కులం అన్న మాట ఎందుకు?" అని అడిగాడు. ఇది దాటవేయకండి. థిండ్ తరఫు వాదన కులం మీద కూడా నిలబడింది. పౌరసత్వం కోసం పోరాడిన మనిషి, ఇంకొందరికన్నా తాను ఎక్కువ అని చూపించుకోవాల్సి వచ్చింది. మనవాడు కాబట్టి ఆ మాట కప్పిపెడితే, జెఫర్సన్ చిత్తుప్రతి ముందు పిల్లల్ని కూర్చోబెట్టే హక్కు మనకు ఉండదు.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వాడికి తెలుసు. ఆయన 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తీసుకుని, 1940 నుంచి లెడర్లీ లాబొరేటరీస్‌లో పనిచేసి, 1948లో కన్నుమూశారు. భారతీయులకు పౌరసత్వం తీసుకునే వీలు కల్పించిన చట్టం వచ్చింది 1946 జులైలో. మధ్యలో ఉన్న ఏళ్లు వాడే నోట్‌బుక్ అంచున లెక్క కట్టుకున్నాడు. ఆ చట్టం మాత్రం ఆ రోజు వాడికి ఇవ్వలేదు. ఏడాదికి వంద మంది భారతీయులకే వలస వచ్చే అవకాశం ఇచ్చిన పేరా ఒక్కటీ కోసి, కింద తేదీ, సంతకం ఉండేలా ప్రింట్ తీసి, వచ్చే ఆదివారం కోసం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను.